మీకు తెలుసా? సూట్‌కేసు కోసం వీసా!

విశాఖపట్నం నుంచి స్కూట్ విమానంలో సింగపూర్ వెళ్ళి, అక్కడ ఇంకో చౌక సంస్థ విమానం ఎక్కి మెల్‌బోర్న్ చేరాలనుకున్నారనుకుందాం. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే కొన్ని వేలు మిగిలాయి. బాగానే ఉంది. కానీ విశాఖ కౌంటర్‌లో సూట్‌కేసుకు కట్టే ట్యాగు మీద పెద్దక్షరాల్లో ‘ఎస్ఐఎన్’ అనే ఉంటుంది, అంటే సింగపూర్. మొదటి సంస్థ బాధ్యత అక్కడితో సరి. పెట్టెను బెల్టు మీంచి దించుకుని, రెండో సంస్థ కౌంటర్‌కు తీసుకెళ్ళి మళ్ళీ అప్పజెప్పాల్సింది మీరే.

ఇక్కడే ఉంది మెలిక. ఆ బెల్టు ఉండేది ఇమిగ్రేషన్ దాటాక. దాటారంటే సింగపూర్ దేశంలోకి అడుగుపెట్టినట్టే. బోర్డింగ్ పాస్ ముందే తీసుకుని, చేతిసంచీతో వెళ్ళేవాడు లోపలే ఓ కునుకు తీసి రెండో విమానం ఎక్కేయగలడు. పెట్టె ఉన్నవాడికి మాత్రం వీసా కావాలి. ఆస్ట్రేలియా, అమెరికా లాంటి కొన్ని దేశాల వీసా ఉన్నవాళ్ళకు 96 గంటల వరకు వీసా లేకుండా తిరిగే వెసులుబాటు ఉంది గానీ, దానికీ షరతులున్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో టికెట్టు కొనకముందే చూసుకోండి. కాగితాలు సరిపోకపోతే విశాఖలోనే ఆపేస్తారు.

పెద్ద సంస్థలు ఒకరి లగేజీని ఒకరు అందుకోవడానికి ‘ఇంటర్‌లైన్’ ఒప్పందాలు చేసుకుంటాయి. పెట్టె పోతే పరిహారం ఎవరిది, ఆలస్యమైతే ఇంటికి పంపేదెవరు అన్నవన్నీ అందులో తేల్చుకుంటాయి. చాలా చౌక సంస్థలు ఆ లంపటమే పెట్టుకోవు. ఐరోపాలోని చౌక సంస్థ రయనెయిర్ లక్ష్యం దిగిన విమానాన్ని 25 నిమిషాల్లో మళ్ళీ లేపడం. ఇంకో సంస్థ నుంచి రావాల్సిన పెట్టెల కోసం కాచుకుని కూర్చుంటే ఆ లెక్క కుదరదు. నాకైతే ఇందులో మోసమేమీ కనిపించదు. టికెట్టు అంత తక్కువకు రావడానికి ఇదీ ఒక కారణమే.

మినహాయింపులు లేకపోలేదు. ఎయిర్ ఏషియా ‘ఫ్లై-త్రూ’ పేరుతో కౌలాలంపూర్ మీదుగా పెట్టెను చివరి ఊరి దాకా తనే చేరుస్తుంది. అయితే రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడి బుకింగుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థ లెక్కలో మీరు ‘నో-షో’, అంటే రాని ప్రయాణికులు. డబ్బు సంగతి మరచిపోవడమే.

కౌంటర్‌లో కాస్త బతిమాలితే చివరిదాకా ట్యాగు వేసేస్తారులే అనుకునేవాళ్ళున్నారు. 1985 జూన్ 22న కెనడాలోని వాంకూవర్‌లో ఒక మనిషి సరిగ్గా అదే చేశాడు. టొరంటో దాకానే అతని సీటు ఖాయం. అక్కణ్ణుంచి ఎక్కాల్సిన ఎయిర్ ఇండియా విమానంలో వెయిటింగ్ లిస్టు. అయినా సూట్‌కేసును నేరుగా ఎయిర్ ఇండియాకే ట్యాగు చేయమని పట్టుబట్టాడు. కుదరదన్న ఉద్యోగి చివరికి మెత్తబడ్డారు. పెట్టె వెళ్ళింది, మనిషి విమానమే ఎక్కలేదు. మర్నాడు ఐర్లండ్ తీరానికి దూరంగా, సముద్రం మీద, ఆ పెట్టెలోని బాంబుతో ఎయిర్ ఇండియా విమానం ‘కనిష్క’ పేలిపోయి 329 మంది చనిపోయారు. అదే రోజు జపాన్‌లోని నరిటాలో, వాంకూవర్ నుంచే వచ్చిన ఇంకో పెట్టె ఎయిర్ ఇండియా విమానంలోకి మార్చేలోపే పేలి ఇద్దరు లగేజీ సిబ్బంది మరణించారు. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని పెట్టెనూ దించేయాలన్న నియమం అంతర్జాతీయ విమానాల్లో గట్టిపడింది ఆ తర్వాతే. ఎవరో ఒకరు రాలేదని విమానం కదలకుండా, కింద పెట్టెలు వెతుకుతుంటే విసుక్కుంటాం చూడండి, దాని వెనక ఉన్నది ఈ కథే.

ఒకే టికెట్టయినా కొన్నిచోట్ల పెట్టెను మధ్యలో అందుకోక తప్పదు. సింగపూర్ నుంచి ఢిల్లీ మీదుగా విజయవాడ వస్తుంటే, మామూలుగా కస్టమ్స్ కోసం ఢిల్లీలోనే తీసుకోవాలి. అమెరికాలోనూ అంతే. ట్యాగు మీద డల్లాస్ అని ఉన్నా, ముందు షికాగోలో దిగితే అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. మొదటిసారి వెళ్ళే అమ్మానాన్నలకు ఈ ముక్క ముందే చెప్పి పంపండి.

ట్యాగు మీద బార్‌కోడ్‌తో పాటు పది అంకెలుంటాయి. రెండో అంకె నుంచి నాలుగో అంకె దాకా సంస్థ కోడ్: ఇండిగో 312, ఎయిర్ ఇండియా 098. పెట్టెను ఏ బెల్టు మీదికి మళ్ళించాలో యంత్రం ఆ బార్‌కోడ్ చదివే తేల్చుకుంటుంది. పాత ట్యాగు కూడా వేలాడుతుంటే యంత్రం తికమకపడొచ్చు. కాబట్టి ఫారిన్ ట్యాగు నలుగురికీ కనబడాలని నెలల తరబడి ఉంచుకునేవారు, మళ్ళీ ప్రయాణమయ్యేటప్పుడైనా దాన్ని చింపేయండి. పక్కన అంటించే చిన్న స్టిక్కర్లతో సహా.