చెక్క మీద పేరు నల్లగా రావాలంటే...

ముచ్చటపడి లేజర్‌తో చెక్కించిన నేమ్‌బోర్డు తీరా గుమ్మానికి తగిలిస్తే అక్షరాలు వెలవెలబోతున్నాయా? అలాగని నల్లరంగు డబ్బా తీసి నేరుగా పులిమేయకండి. నేనా పనే చేశాను. రంగు చెక్క నార వెంట పాకి మామగారి పేరుకు మీసాలు మొలిచాయి!

ముందు పాత టూత్‌బ్రష్‌తో గాడుల్లోని మసి దులపండి. బోర్డంతా, గాడుల్లోకి కూడా వెళ్లేలా, రంగులేని వార్నిష్ రెండు పూతలు వెయ్యండి. బాగా ఆరాకే సన్నని కుంచెతో గాడుల్లో నల్ల ఆక్రిలిక్ రంగు నింపండి. పైన అంటినది ఆరకముందే తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది.

ఇంకా చెక్కించనివాళ్లకు వంటింట్లోనే ఉపాయముంది. కప్పు నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా (బట్టలసోడా కాదు సుమా) కలిపి, చెక్కకు పల్చగా రాసి, పూర్తిగా ఆరనిచ్చి షాపుకు పట్టుకెళ్లండి. సోడా పట్టిన చెక్క లేజర్ వేడికి ఎక్కువగా మాడి, గీత నల్లగా పడుతుంది. చెక్కడం అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే సరి. అయితే తుమ్మలాంటి వగరు చెక్కలు సోడా తగిలితేనే రంగు మారతాయి. అందుకని ముందు ఓ చిన్న ముక్క మీద రాసి చూసుకోండి.