పొయ్యి ఒకటి, కారిగర్లు ముగ్గురు

చార్మినార్ నుంచి పడమటి రోడ్డు పట్టుకుంటే లాడ్ బజార్. అక్కడ దీపాల వెలుగులో మెరిసే హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. గాజు అమ్ముడయ్యేది దుకాణంలోనే గానీ, పుట్టేది మాత్రం ఇరుకు గదుల్లో, సెగ పక్కన. లక్కను వేడి చేసి మెత్తబరుస్తారు, కడ్డీలా సాగదీస్తారు, గుండ్రంగా వంచుతారు, మెత్తదనం పోకముందే ఒక్కో రాయీ పొదుగుతారు. మధ్యలో లక్క బిగుసుకుపోతే మళ్లీ సెగకు పట్టాల్సిందే. రాయి సన్నదైనా, డిజైన్ చిక్కుదైనా పట్టే సమయం మారిపోతుంది.

అలాంటి గదిలో ఒకే పొయ్యి, ఇద్దరు కారిగర్లు ఉన్నారనుకుందాం. ఈ అంకెలు ఏ కార్ఖానాలోనూ కొలిచినవి కావు, లెక్క తేలిగ్గా సాగడానికి ఎంచుకున్నవి. రాళ్లు పొదగడానికి సగటున 10 నిమిషాలు, సెగ దగ్గర సగటున 5 నిమిషాలు. పొయ్యి దగ్గర ఒకసారికి ఒక్కరే కూర్చోగలరు. అంటే మనిషికి 15 నిమిషాలకో విడత, గంటకు నాలుగు. ఇద్దరికీ కలిపి ఎనిమిది. మూడో మనిషిని పెడితే పన్నెండు. ముగ్గురూ ఐదేసి నిమిషాల తేడాతో మొదలుపెడితే ఎవరూ ఎవరి కోసమూ ఆగరు, పొయ్యి ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండదు.

గదిలోకి వెళ్లి చూస్తే పన్నెండు రావు. సగటు 10 నిమిషాలంటే ఒకసారి నాలుగు, ఇంకోసారి పందొమ్మిది. ఇద్దరు ఒకేసారి పొయ్యి దగ్గరకు చేరితే ఒకరు ఆగాలి. ముగ్గురూ పొదుగుతూ కూర్చుంటే సెగ ఊరికే పోతుంది. పోయిన ఆ నిమిషాలు తర్వాత తిరిగి రావు. ఇలా ఎంత నష్టం? అందాజుగా కాకుండా అంకెల్లో చెప్పే యంత్రం ఒకటుంది. దానికి ఇనుమూ లేదు, కరెంటూ లేదు. కాగితం మీద గీసే బొమ్మ అది. ఏకకాలంలో సాగే పనులను వర్ణించే ఆ బొమ్మకు సంభావ్యత వచ్చి చేరడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

బొమ్మ గీసినవాడు కార్ల్ ఆడమ్ పెట్రీ. 1926లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టాడు. 1939 ఆగస్టులో, పదమూడేళ్ల వయసులో, రసాయన చర్యలను రాసుకోవడానికి ఈ గుర్తులను మొదట వాడాడని చెబుతారు. 1962లో ‘యంత్రాలతో సంభాషణ’ అనే అర్థం వచ్చే పేరుతో ఆయన సిద్ధాంత గ్రంథం వెలువడింది. అందులో ఆయన పట్టుబట్టిన సంగతి ఒకటుంది. పెద్ద వ్యవస్థ మొత్తానికీ ఒకే గడియారం ఉందని అనుకోకూడదు. ఒక మూల నుంచి ఇంకో మూలకు కబురు చేరడానికి ఎంతో కొంత సమయం పడుతుంది కాబట్టి, ప్రతి భాగమూ తన పక్కనున్న భాగంతో మాత్రమే సర్దుకుని నడుస్తుంది. చార్మినార్ నాలుగు ముఖాల మీదా 1889 నుంచి గడియారాలున్నాయి. కానీ గల్లీలోని కారిగర్ వాటిని బట్టి సెగ దగ్గరకు వెళ్లడు. పక్కవాడు లేచినప్పుడు వెళ్తాడు. పెట్రీ చెప్పింది అదే.

పెట్రీ నెట్ అని పిలిచే ఆ బొమ్మలో వృత్తాలు స్థితులు, అడ్డగీతలు జరిగే పనులు, వృత్తాల్లోని చుక్కలు టోకెన్లు. మన గదికి నాలుగు వృత్తాలు చాలు. ‘రాళ్లు పొదుగుతున్నవారు’, ‘సెగ కోసం ఆగినవారు’, ‘సెగ దగ్గర ఉన్నవారు’, ‘ఖాళీ పొయ్యి’. మొదటి వృత్తంలో ఇద్దరు మనుషులకు రెండు టోకెన్లు, చివరి దానిలో పొయ్యికి ఒకటి. ‘సెగకు కూర్చోవడం’ అనే గీత దాటాలంటే ఆగినవాడి టోకెన్ ఒకటి, పొయ్యి టోకెన్ ఒకటి రెండూ సిద్ధంగా ఉండాలి. పని అయ్యాక పొయ్యి టోకెన్ తన వృత్తానికి తిరిగి వస్తుంది. ఇంతే సరంజామా. ఇద్దరు ఒకేసారి పొయ్యి దగ్గర కూర్చోవడం అసాధ్యమని దీనితోనే నిరూపించవచ్చు. పొయ్యితో పాటు ఒకే ఒక అచ్చు కూడా ఉండి, ఒకడు పొయ్యిని పట్టుకుని అచ్చు కోసం, ఇంకొకడు అచ్చును పట్టుకుని పొయ్యి కోసం చూస్తూ ఉండిపోయే ప్రతిష్టంభన వస్తుందో రాదో కూడా చెప్పవచ్చు.

ఏది జరగవచ్చు, ఏది జరగదు అన్నంతవరకే ఈ బొమ్మ పనికొచ్చేది. ఎంత తరచుగా, ఎంతసేపు అని అడిగితే దానికి నోరు లేదు. డెబ్భైలలో చందర్ రామ్‌చందానీ ఎంఐటీలో ప్రతి గీతకూ ఒక నిర్ణీత సమయం జోడించాడు. దానితో మన పన్నెండు విడతల లెక్క వస్తుంది, గదిలోని తడబాటు రాదు. తడబాటును లెక్కకట్టే విద్య వేరేచోట ఎప్పటినుంచో పెరుగుతోంది. 1906లో రష్యాలో ఆంద్రేయ్ మార్కోవ్, ఇప్పటి స్థితిని బట్టి మాత్రమే తర్వాతి స్థితి తేలే తన గొలుసులను ప్రతిపాదించాడు. 1909లో ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు టెలిఫోన్ కాల్స్ రాకడకు సంభావ్యత సూత్రాలు ప్రకటించాడు. ఈ రెండు పాయలూ కలిసింది 1980 ప్రాంతంలో. పారిస్‌లో స్టెఫాన్ నాట్కిన్ 1980లో, లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ మొలాయ్ 1981లో, ఇద్దరూ డాక్టరేట్ కోసం వేర్వేరుగా ఒకే ఆలోచనకు వచ్చారు. గీత దాటడానికి పట్టే సమయాన్ని యాదృచ్ఛికం చేశారు. ఆ సమయానికి ఘాతీయ విభజన తీసుకున్నారు. దానికి జ్ఞాపకం ఉండదు. ఇప్పటికే ఎంతసేపు అయిందన్నది ఇంకెంత మిగిలిందన్న దాన్ని మార్చదు. ఈ ఒక్క ఒప్పందంతో పెట్రీ నెట్ మొత్తం మార్కోవ్ గొలుసుగా మారిపోతుంది. గొలుసును సాధించే పద్ధతులు అప్పటికే చేతిలో ఉన్నాయి.

మన గదినే సాధించి చూద్దాం. ఇద్దరు కారిగర్లున్న గదికి మొత్తంగా మూడు స్థితులే. ఒకటి, ఇద్దరూ పొదుగుతున్నారు. రెండు, ఒకరు సెగ దగ్గర ఉన్నారు. మూడు, ఒకరు సెగ దగ్గర, ఇంకొకరు ఆగి ఉన్నారు. మొదటి స్థితి నుంచి రెండో దానికి గంటకు 12 సార్ల వేగంతో పోతాం, ఎందుకంటే ఇద్దరిలో ఒక్కొక్కరూ గంటకు ఆరు సార్లు లేస్తారు. వెనక్కి రావడం కూడా గంటకు 12 సార్లే, సెగ ఐదు నిమిషాలు కాబట్టి. పోవడమూ రావడమూ సమానం గనుక ఆ రెండు స్థితుల్లో గడిపే కాలమూ సమానం. రెండు నుంచి మూడుకు వేగం 6, వెనక్కి 12. కాబట్టి మూడో స్థితికి సగం కాలమే దక్కుతుంది. నిష్పత్తి 2:2:1. రోజులో 40 శాతం పొయ్యి ఖాళీ, 20 శాతం ఎవరో ఒకరు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. పొయ్యి పనిచేసేది 60 శాతం, అంటే గంటకు 7.2 విడతలు. ఎనిమిది రావాల్సిన చోట పదో వంతు పోయింది. ఎవరూ బద్ధకించలేదు, ఎవరూ తప్పు చేయలేదు.

ముగ్గురైతే నిష్పత్తి 4:6:6:3. గంటకు దాదాపు 9.5 విడతలు. పన్నెండు వస్తాయని ఆశపడి మూడో మనిషికి కూలి ఇచ్చిన యజమానికి అదనంగా వచ్చేది రెండు పైచిలుకు మాత్రమే. ముగ్గురినీ ఉంచి రెండో పొయ్యి పెడితే 11.8కి చేరుతుంది. మనిషిని పెంచాలా, పొయ్యిని పెంచాలా అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. మూడో మనిషి తెచ్చినంత రెండో పొయ్యి కూడా తెచ్చింది, ఆ పొయ్యికి రోజుకూలి అక్కర్లేదు. సంభావ్యత చేసిన మేలును ఇంతకన్నా సూటిగా నేను చూపించలేను. ఆలస్యం కనపడగానే పనివాడి మీద నెపం వేసే అలవాటు మనకు ఎక్కువ. ఆ ఆలస్యంలో కొంత, ఏర్పాటులోనే ఉందని ఈ లెక్క చూపిస్తుంది.

చిక్కులు లేకపోలేదు. పదిమంది కారిగర్లు, ఒక్కొక్కరికి నాలుగు స్థితులు ఉన్నాయనుకుంటే, ఎవరికి వారిని విడిగా లెక్కిస్తే మొత్తం 10,48,576 స్థితులు. చేతితో సాధించే మాట మరిచిపోవాల్సిందే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, గదిలో కొన్ని పనులకు నిమిషాలు పడతాయి, ‘ఇప్పుడు ఎవరు కూర్చోవాలి’ లాంటి నిర్ణయాలకు క్షణం కూడా పట్టదు. 1984లో ఇటలీలోని టురిన్‌కు చెందిన అజ్మోనే మార్సాన్, బాల్బో, కాంటే సమయమే పట్టని గీతలను విడిగా చేర్చి ఆ ఇబ్బంది తీర్చారు. జ్ఞాపకం లేని విభజన రాళ్ల పనికి అతకదని అనిపిస్తే, ఎర్లాంగ్ నాటి ఉపాయం ఉంది. ఒక పనిని నాలుగైదు చిన్న దశలుగా విడగొడితే తడబాటు తగ్గుతుంది, లెక్క నిజానికి దగ్గరవుతుంది.

ఈ చరిత్రలో మన ఊళ్లో చదువుకున్నవారొకరు ఉన్నారని చాలామందికి తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1985లో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన జోగేశ్ ముప్పాల అమెరికా వెళ్లి, డ్యూక్ విశ్వవిద్యాలయంలో కిశోర్ త్రివేది బృందంలో చేరారు. జియాన్‌ఫ్రాంకో చియార్డో, ముప్పాల, త్రివేది కలిసి 1989లో ‘ఎస్‌పీఎన్‌పీ’ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించారు. సంభావ్యత చేరిన పెట్రీ నెట్‌ను సీ భాషలో వర్ణిస్తే చాలు, స్థితులన్నీ అదే తవ్వి తీసి, మార్కోవ్ గొలుసు కట్టి, సాధించి పెడుతుంది. ప్రతి స్థితికీ ఒక ‘ప్రతిఫలం’ అంకె జోడించే వీలు కల్పించడం ఈ బృందం చేసిన గొప్ప పని. పొయ్యి ఖాళీగా ఉన్న స్థితికి సున్నా, పనిచేస్తున్న స్థితికి పన్నెండు అని రాస్తే గంటకు ఎన్ని విడతలో జవాబుగా వస్తుంది. కంప్యూటర్ వ్యవస్థలు ఎంతకాలం చెడకుండా నడుస్తాయో అంచనా కట్టడానికి దీన్ని విరివిగా వాడారు. ముప్పాల 1991లో పీహెచ్‌డీ పూర్తిచేసి, ఆ తర్వాత హాంకాంగ్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అదే కాలంలో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎన్. విశ్వనాథం, వై. నరహరి ఫ్యాక్టరీల్లోని యంత్రాల మధ్య ప్రతిష్టంభనలను, ఉత్పత్తి వేగాన్ని పెట్రీ నెట్లతో విశ్లేషించారు. 1992లో వచ్చిన వారి పుస్తకం ఆటోమేటెడ్ ఉత్పత్తి వ్యవస్థల పనితీరు మీదనే.

ఇంతవరకూ సంభావ్యత కొలబద్ద. అది మందు కూడా కాగలదని 1981లో లేమన్, రాబిన్ చూపారు. గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, పక్కవాడితో పంచుకునే ఫోర్కుల కోసం చూసే డైక్‌స్ట్రా చెప్పిన తత్వవేత్తల కథ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులందరికీ తెలుసు. అందరూ ఒకే నియమం పాటిస్తూ, పైన పెద్దమనిషి ఎవరూ లేకుండా, ప్రతిష్టంభనను కచ్చితంగా తప్పించే నిర్ణీత పద్ధతి లేనే లేదని ఆ ఇద్దరూ నిరూపించారు. ఎడమ ఫోర్కా, కుడి ఫోర్కా అన్నది ప్రతివాడూ నాణెం ఎగరేసి తేల్చుకుంటే, అందరూ ఇరుక్కుపోయే సంభావ్యత సున్నా అవుతుంది. ఒకప్పుడు వీడియో కెమెరాలను కంప్యూటర్‌కు కలపడానికి వాడిన ఫైర్‌వైర్ తీగలో ఇదే సూత్రం ఉంది. రెండు పరికరాలు ‘నువ్వే పెద్దరికం తీసుకో’ అని ఒకేసారి అడిగితే, రెండూ నాణెం ఎగరేసి కొంచెంసేపో ఎక్కువసేపో ఆగుతాయి. వరసగా పదిసార్లు రెండింటికీ ఒకే ముఖం పడే అవకాశం 1024లో ఒకటి. బర్మింగ్‌హామ్‌లో మార్తా క్వియాత్కోవ్‌స్కా బృందం తయారుచేసిన ‘ప్రిజం’ అనే తనిఖీ సాఫ్ట్‌వేర్‌తో దీన్ని పరీక్షిస్తే, ఒకవైపు కాస్త మొగ్గిన నాణెం సరిసమానమైన నాణెం కన్నా త్వరగా తేలుస్తుందని ధ్రువపడింది. ఊహతో ఎవరూ గట్టిగా చెప్పలేని సంగతి ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. గదిలోని ప్రతి అనిశ్చితీ పాచిక కాదు. లక్క ఎప్పుడు బిగుసుకుంటుందన్నది ఎవరి చేతిలోనూ లేదు, దానికి సంభావ్యత తగినదే. పెళ్లివారి అర్జంటు ఆర్డర్ వచ్చినప్పుడు సెగకు ముందు ఎవరిని కూర్చోబెట్టాలన్నది యజమాని నిర్ణయం. దానికి కూడా సగం సగం అని అంకె వేస్తే, ఒక మనిషి ఇష్టాన్ని ప్రకృతి నియమంగా చలామణీ చేసినట్టే. 1985లో మోషే వార్డీ, 1995లో ఎంఐటీ సిద్ధాంత గ్రంథంలో రొబెర్తో సెగాలా ఈ రెంటినీ విడదీసి ఉంచారు. పాచిక పడే చోట సంభావ్యత, ఎంపిక ఉన్న చోట ఏ ఎంపికైనా జరగవచ్చన్న వెసులుబాటు. అప్పుడు జవాబు ఒక అంకెగా కాక రెండు హద్దులుగా వస్తుంది. ఎంత చెడ్డ నిర్ణయాలు తీసుకున్నా ఇంతకన్నా తగ్గదు, ఎంత మంచివి తీసుకున్నా ఇంతకన్నా పెరగదు అని. ఆసుపత్రి ఓపీ క్యూ, బస్సు డిపో, సర్వర్ల గది, ఎక్కడికి పోయినా నేను నమ్మేది ఇలా వచ్చిన జవాబునే.

ప్రిజం ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో మార్కోవ్ గొలుసులను మాత్రికల లెక్కగా, పెట్రీ నెట్లను నిర్వచనాలుగా చెప్పి ముగించే అధ్యాపకులకు నాదొక విన్నపం. ఒక్క సెమిస్టర్ మీ పిల్లలను స్టాప్‌వాచ్ ఇచ్చి ఒక కార్ఖానాకు పంపండి. అక్కడివారి అనుమతితో సమయాలు కొలిచి, బొమ్మ గీసి, ఏది పాచికో ఏది ఎంపికో రాసుకుని, లెక్క కట్టి, వచ్చిన అంకెను ముందుగా ఆ కారిగర్లకే చూపించమనండి.