చావి తిప్పితే నడిచే గడియారాలు

హాస్టల్‌లో చదువుకున్న ప్రతి విద్యార్థికీ గంట విలువ తెలుసు. ప్రేయర్‌కు గంట, టిఫిన్‌కు గంట, స్టడీ అవర్‌కు గంట. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు నుండి వచ్చిన మిత్రులకు బొగ్గుబాయి సైరనే గడియారం. కరీంనగర్‌లో దారి చెప్పాలంటే టవర్ సర్కిల్ పేరు రావలసిందే. ఇలా సమయాన్ని మనకు ఎప్పుడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. దానిని మనిషి తన చేతికే కట్టుకోవడానికి చేసుకున్న సాధనం చేతి గడియారం. సెల్‌ఫోన్లు వచ్చాక దాని అవసరం తగ్గింది. అయినా పాత మెకానికల్ గడియారాలను, ముఖ్యంగా క్రోనోగ్రాఫులను వెతికి, బాగుచేయించి దాచుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఈ అభిరుచి గురించి, దాని వెనుక ఉన్న విజ్ఞానం గురించి తోటి విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

లోపల ఏముంది?

మెకానికల్ గడియారానికి బ్యాటరీ ఉండదు. చావి తిప్పినప్పుడు మన వేళ్ల శక్తి మెయిన్ స్ప్రింగ్ అనే ఉక్కు చుట్టలో నిల్వ అవుతుంది. ఆ చుట్ట ఒక్కసారిగా విడిపోకుండా పళ్ల చక్రాల చివర ఒక అడ్డు ఉంటుంది. బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ ఆ అడ్డు కొద్దిగా తొలగి, మళ్లీ పడుతుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. బ్యాలెన్స్ వీల్‌ను వెనక్కు లాగేది వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్. 1675లో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త దీనితో గడియారం చేయించాడు. ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన సరళ హరాత్మక చలనం ఇదేనని చాలామందికి తెలియదు.

హెచ్.ఎం.టి. జనతా వంటి గడియారం సెకనుకు 5 సార్లు టిక్కుమంటుంది. అంటే రోజుకు 4,32,000 సార్లు. రోజుకు అర నిమిషం తేడా వచ్చినా అది 2,880 వంతులలో ఒక వంతు మాత్రమే. బ్యాటరీ వాచీలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కాబట్టి అది ఇంకా కచ్చితంగా నడుస్తుంది, చౌకగా కూడా వస్తుంది. మరి పాతది ఎందుకు? దానిని విప్పి చూడవచ్చు, అర్థం చేసుకోవచ్చు, విరిగిన భాగం మార్చి మళ్లీ నడిపించవచ్చు.

క్రోనోగ్రాఫ్ అనగా నేమి?

స్పోర్ట్స్ డే నాడు పి.ఇ.టి. సార్ చేతిలో ఉండే స్టాప్‌వాచ్ మనందరికీ తెలుసు. అదే స్టాప్‌వాచ్ చేతి గడియారంలో కలిసి ఉంటే క్రోనోగ్రాఫ్. సాధారణంగా పక్కన రెండు బటన్లు ఉంటాయి. పైది నొక్కితే పొడవాటి ముల్లు బయలుదేరుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కిందిది నొక్కితే సున్నాకు వస్తుంది. ఇంత జరుగుతున్నా అసలు గడియారం మాత్రం ఆగదు.

గ్రీకు భాషలో క్రోనోస్ అంటే కాలం, గ్రాఫ్ అంటే రాయడం. 1821లో పారిస్ గుర్రప్పందాలలో రియూసెక్ అనే ఆయన వాడిన యంత్రం డయల్ మీద సిరా చుక్క వేసి నిజంగానే కాలాన్ని రాసింది. అంతకు ముందే 1816లో మొయినే అనే ఆయన ఖగోళ పరిశీలన కోసం ఇటువంటిది చేశాడు. 1970లో అపోలో 13 నౌక ప్రమాదంలో పడినప్పుడు, దిశ సరిచేయడానికి ఇంజన్‌ను 14 సెకన్లు మండించవలసి వచ్చింది. వ్యోమగాములు ఆ 14 సెకన్లను లెక్కించింది చేతికున్న ఒమేగా క్రోనోగ్రాఫుతోనే.

కొన్ని క్రోనోగ్రాఫుల అంచు మీద వేగం అంకెలు కూడా ఉంటాయి. కరీంనగర్ నుండి మంచిర్యాల పోయే బస్సులో ఒక కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కి, తరువాతి రాయి దగ్గర ఆపారనుకోండి. 48 సెకన్లు పడితే ముల్లు 75ను చూపుతుంది. 3,600ను 48తో భాగించిన ఫలితమే అది.

మన దేశంలో, మన ఇళ్లలో

1953లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం.టి., 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీ ప్రారంభించింది. జనతా, పైలట్, కోహినూర్, సోనా మొదలగు పేర్లు అలా ఇంటింటికీ చేరాయి. అంధుల కోసం బ్రెయిలీ గడియారం కూడా చేశారు. మన హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ సంస్థ, 1980లలో సీకో సహకారంతో వాచీలు తెచ్చింది. 1984లో ఏర్పడిన టైటాన్ క్వార్ట్జ్ వాచీలతో మార్కెట్‌ను మార్చివేసింది. చివరకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది.

మెకానికల్ క్రోనోగ్రాఫ్ మన ఊళ్లకు వచ్చిన వస్తువు కాదు. మనకు వచ్చింది జనతా. పెండ్లికి వాచీ, సైకిలు, రేడియో పెట్టిన కాలం అది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, మొదటి గడియారం మా తాతది. అటువంటివి ఇప్పుడు అనేక ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో, ఆగిపోయి ఉన్నాయి.

కొనేవారికి కొన్ని సూచనలు

1. ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు దొరికే, కొత్తదానిలా మెరిసే పాత వాచీల డయళ్లు చాలావరకు మళ్లీ రంగు వేసినవి. అక్షరాలు వంకరగా ఉన్నాయా, అరుదైన రంగు ఉందా గమనించండి. స్కాలర్‌షిప్ డబ్బులు వాటికి పెట్టకండి.
2. వెనుక మూత తీసి లోపలి యంత్రం ఫోటో అడగండి. తుప్పు ఉంటే వదిలేయండి.
3. క్రోనోగ్రాఫ్ అయితే బటన్లు నొక్కి చూడాలి. ముల్లు సరిగ్గా సున్నాకు రాకపోతే మరమ్మతు ఖర్చు ఎక్కువ.
4. 1960లకు ముందటి మెరిసే డయళ్లలో రేడియం ఉండవచ్చు. రంగు మెరవడం మానినా, రేడియం అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు. గోకకండి, విప్పకండి.
5. చాలాకాలం ఆగిన గడియారానికి బలవంతంగా చావి తిప్పవద్దు. ముందు శుభ్రం చేయించి నూనె వేయించాలి.

చివరి మాట

2017లో న్యూయార్క్ వేలంలో ఒక రోలెక్స్ డేటోనా క్రోనోగ్రాఫ్ 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అటువంటి రోలెక్సులు ఇంకా ఉన్నాయి, కానీ ఇది నటుడు పాల్ న్యూమన్ చేతికి ఉన్నది. జాగ్రత్తగా నడపమని అతని భార్య దాని వెనుక చెక్కించింది. అంటే పాత గడియారానికి విలువ తెచ్చేది అది ఎవరి చేతికి ఉండేదన్న సంగతి.

మన పెద్దల చేతి గడియారాలకు వేలంలో ధర రాదు. కానీ కూలికి పోయిన చేతికి, బాయి దిగిన చేతికి మొదటిసారి గడియారం ఎలా వచ్చిందనేది ఏ పుస్తకంలోనూ లేదు. కనుక ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు దానిని పాత సామాను వాడికి వేయనివ్వకండి. ఎవరిది, ఏ సంవత్సరం, ఏ పైసలతో కొన్నారు, ఎవరు పెట్టారు అని అడిగి, ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే ఆ పని చేయాలి.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం