వందకు ముగ్గురు

తలకు గట్టి దెబ్బ తగిలితే మెదడు వాస్తుంది. పుర్రె సాగదు కాబట్టి ఆ వాపు తిరిగి మెదడునే నొక్కుతుంది. స్టెరాయిడ్లు వాపు తగ్గిస్తాయి. ఈ మూడు మాటలూ నిజమే. వీటిని పక్కపక్కన పేర్చుకుని, తలకు దెబ్బ తగిలినవారికి స్టెరాయిడ్ ఎక్కిస్తే మేలని చాలామంది వైద్యులు ముప్పై ఏళ్లకు పైగా నమ్మారు. కొందరు ఇచ్చేవారు, కొందరు ఇచ్చేవారు కాదు. ఎవరి అనుభవం వారిది. చిన్న చిన్న పరీక్షలు జరిగాయి గాని, అన్నీ కలిపి చూసినా ‘వందకు ఒకరిద్దరు బతుకుతారేమో’ అన్నంతవరకే తేలింది. 1999లో పరిశోధకుడు ఇయాన్ రాబర్ట్స్ తదితరులు మొదలుపెట్టిన ‘క్రాష్’ పరీక్ష ఆ ‘ఏమో’ను తేల్చడానికి పుట్టింది. 49 దేశాల్లోని 239 ఆసుపత్రులు ఒకే ప్రశ్న పట్టుకుని 10,008 మందిని చేర్చాయి. ఉత్తుత్తి మందు పొందిన 4,979 మందిలో రెండు వారాల్లోపు చనిపోయినవారు 893 మంది. స్టెరాయిడ్ పొందిన 4,985 మందిలో 1,052 మంది. ఇరవై వేల మందితో చేయాలనుకున్న పరీక్షను 2004లో సగంలోనే ఆపేశారు.

తేడా వందకు ముగ్గురు. ఒక ఆసుపత్రికి ఏడాదికి అలాంటి కేసులు అరవై వస్తాయనుకుందాం. మందు ఇవ్వకపోతే పదకొండు మంది, ఇస్తే పదమూడు మంది పోతారు. ఆ ఇద్దరిని ఏ డాక్టరు కన్ను పట్టుకోగలదు? ఈ ఏడాది ప్రమాదాలు పెద్దవనుకుంటారు, అంబులెన్స్ ఆలస్యమైందనుకుంటారు. బతికి ఇంటికి వెళ్లినవాడు మాత్రం మందు ఖాతాలో పడతాడు. ఇది వైద్యుల అశ్రద్ధ కాదు. ఒక్క క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి చూస్తే కనిపించని లెక్క ఇది. అత్యవసర వైద్యంలో అనుభవం ఎంత నిజాయితీగలదైనా సరిపోదని, వందల ఆసుపత్రులు కలిసి లెక్కపెడితేనే ఇలాంటి నిజం బయటపడుతుందని నేననేది అందుకే.

స్పృహలో లేని మనిషి మీద ప్రయోగాలేమిటి అన్న అభ్యంతరం బలమైనదే. అయితే ఈ పరీక్షల్లో ఒక నియమం ఉంది: ఈ రోగికి ఈ మందు ఇచ్చి తీరాలనో, ఇవ్వనే కూడదనో డాక్టరుకు గట్టిగా అనిపిస్తే ఆ రోగిని చేర్చరు. ఎటూ తేల్చుకోలేని చోటే చీటీ తీస్తారు. నైతిక సంఘం అనుమతి ముందే ఉండాలి. ఇక ఆలోచించాల్సింది రెండోవైపు: పెద్ద పరీక్ష లేని ఆ ముప్పై ఏళ్లూ స్టెరాయిడ్ ఎక్కించుకున్నవాళ్లు కూడా ప్రయోగంలో ఉన్నవాళ్లే. ఫలితం రాసుకునే మనిషి లేడు, అంతే.

మరి చావుబతుకుల మధ్య కాగితాలు నింపే తీరికెక్కడ? అందుకే పనిని వీలైనంత చిన్నది చేశారు. తర్వాతి పరీక్ష క్రాష్-2 చూడండి. ఎమర్జెన్సీలో ఒక పెట్టె, అందులో నంబర్లు వేసిన ఎనిమిది ప్యాకెట్లు. గాయాలతో రక్తం పోతున్నవాడు రాగానే తక్కువ నంబరున్న ప్యాకెట్ విప్పాలి. లోపల ఉన్నది ట్రానెక్సామిక్ ఆసిడో, ఉత్తుత్తి మందో విప్పినవారికీ తెలియదు. పది నిమిషాల్లో ఒక డోసు, ఆపై ఎనిమిది గంటలు మెల్లగా మరో డోసు. గడ్డకట్టిన రక్తం కరగకుండా ఆపే ఈ మందును 1960లలో జపాన్‌లో షోసుకె, ఉతాకో ఒకామోటో దంపతులు కనిపెట్టారు. పేటెంటు కాలం ఎప్పుడో తీరిపోయిన చవక మందు. లాభం లేని ఇలాంటి ప్రశ్నను ఎవరో ఒక్కరు భుజాన వేసుకోవడం కష్టం. 40 దేశాల్లోని 274 ఆసుపత్రులు కలిసి 20,211 మందిని చేర్చాయి. విదేశీ రోగుల లెక్క మనకెందుకు అనేవారికి జవాబు ఇక్కడే ఉంది: వీరిలో వేలమంది మన దేశంలోని ఆసుపత్రుల నుంచి చేరినవారే. 2010లో ఫలితం వచ్చింది: మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గాయాల రక్తస్రావానికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

సగటు లెక్క ఒక్కో రోగి సంగతి చెప్పదన్న విమర్శ ఇంకా మిగిలే ఉంది. అది కొంత నిజమే. కానీ గుంపు పెద్దదైతే లోపలి తేడాలూ బయటికి వస్తాయి. ఇరవై వేల మందిని గాయమైన ఎంతసేపటికి మందు ఇచ్చారన్నదాన్ని బట్టి విడదీసి చూస్తే, మొదటి మూడు గంటల్లో ఇచ్చినవారికి మేలు కనిపించింది. ఆ తర్వాత ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు 3.1 శాతం నుంచి 4.4 శాతానికి పెరిగాయి. ఒకే మందు, గడియారం ముల్లు తిరిగేసరికి ఎదురు తిరిగింది. రోడ్డు మీద పడ్డ మనిషిని ఆసుపత్రికి చేర్చే 108 బండికి దీనికన్నా పనికొచ్చే సమాచారం ఏముంటుంది?

గాయాల్లో పనిచేసింది కదా, కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతుంటే పనిచేయదా అని మామూలు బుద్ధి అడుగుతుంది. స్టెరాయిడ్ల విషయంలో అడిగిన బుద్ధే ఇది. ఈసారి ఊహకు వదలకుండా 12,009 మందితో మళ్లీ పరీక్ష పెట్టారు. 2020లో వచ్చిన జవాబు: రక్తస్రావ మరణాలు రెండు వైపులా దాదాపు ఒకటే, మందు తీసుకున్నవారిలో సిరల్లో గడ్డలూ మూర్ఛలూ ఎక్కువ.