ఐఎస్‌బీఎన్ కొడితే పుస్తకం దొరకడం లేదా? ముందు ఇవి సరిచూడండి

పుస్తకం మీ చేతిలోనే ఉంది. వెనక అట్ట మీది నంబరు చూసి లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో టైప్ చేశారు. 'ఫలితాలు లేవు' అని వచ్చింది. పాఠకులైతే పుస్తకం లేదనుకుని వెళ్లిపోతారు. కేటలాగ్ చేసేవారైతే కొత్త రికార్డు తెరుస్తారు. అలా ఒకే పుస్తకానికి రెండు రికార్డులు పడతాయి. ఒక రికార్డులోని ప్రతి బయటికి వెళ్తే, రెండో ప్రతి బీరువాలోనే ఉన్నా పాఠకుడికి 'అందుబాటులో లేదు' అనే కనిపిస్తుంది. అందుకే కొత్త రికార్డు చేసే ముందు ఒక్క ఐదు నిమిషాలు వెచ్చించండి.

పది అంకెలా, పదమూడా?

2006 చివరి వరకు ఐఎస్‌బీఎన్‌లో పది అంకెలు ఉండేవి. 2007 జనవరి 1 నుంచి పదమూడు అయ్యాయి. పాత పుస్తకాన్ని కేటలాగ్‌లో పది అంకెలతో ఎక్కించి ఉంటే, పదమూడు అంకెలతో వెతికినప్పుడు దొరక్కపోవచ్చు. రెండు రకాలుగానూ వెతకండి. కోహా వాడే లైబ్రరీల్లో రెండు రూపాలనూ కలిపి వెతికే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో లైబ్రేరియన్ చూసుకోవాలి.

ముందు 978 చేర్చితే చాలదు

చాలామంది చేసే పొరపాటు ఇదే. చివరి అంకె మిగతా అంకెలను సరిచూసే అంకె. పాత నంబరుకు 978 చేర్చినప్పుడు దాన్ని మళ్లీ లెక్కించాలి. ఉదాహరణకు 0306406152 కొత్త రూపం 9780306406157. చివరి 2 కాస్తా 7 అయింది.

లెక్క కష్టమేమీ కాదు. మొదటి పన్నెండు అంకెలను వరుసగా 1, 3, 1, 3తో గుణించి కూడండి. ఇక్కడ మొత్తం 93. దాన్ని తర్వాతి పదుల సంఖ్య 100 చేయడానికి 7 కావాలి. అదే చివరి అంకె. 979తో మొదలయ్యే నంబర్లకు పది అంకెల రూపం ఉండదు.

టైపింగ్‌లో చూడాల్సినవి

* ఫలితం రాకపోతే గీతలు, ఖాళీలు తీసేసి మళ్లీ వెతకండి.
* సున్నాకు బదులు ఇంగ్లిష్ 'ఓ' పడిందేమో చూడండి.
* పాత నంబరు చివర 'ఎక్స్' ఉంటే వదిలేయకండి. అది 10కి గుర్తు.
* ఎనిమిది అంకెలే ఉంటే అది పత్రికలకిచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ కావచ్చు.
* ఎక్సెల్ నుంచి జాబితా ఎక్కిస్తుంటే ఆ కాలమ్‌ను ముందే 'టెక్స్ట్'గా మార్చండి. లేకపోతే మొదటి సున్నా పోతుంది. పెద్ద నంబర్లు కుదించుకుపోయి చివరి అంకెలు పోయే ప్రమాదమూ ఉంది.

నంబరు సరైనదే, అయినా రాలేదా?

గట్టి అట్ట, మామూలు అట్ట, ఈ-బుక్ ప్రతులకు వేర్వేరు నంబర్లు ఉంటాయి. సంపుటాలుగా వచ్చిన పుస్తకాలకు సెట్ మొత్తానికి ఒకటి, విడి సంపుటానికి మరొకటి ఉండొచ్చు. అట్ట మీదే కాకుండా టైటిల్ పేజీ వెనక కూడా చూడండి. రెండు చోట్లా నంబర్లు వేరుగా ఉంటే రెండింటితోనూ వెతకండి.

అసలు నంబరే లేకపోతే?

తెలుగులో ఇది మామూలే. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. అంతకుముందు అచ్చయిన పుస్తకాలకు అది ఉండదు. ఆ తర్వాత వచ్చినవాటిలోనూ, ముఖ్యంగా రచయితలే అచ్చు వేయించుకున్నవాటిలో, చాలావాటికి లేదు. అలాంటప్పుడు పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరంతో వెతకండి. తెలుగు లిపిలో రాకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రయత్నించండి. విదేశీ లైబ్రరీల్లో తెలుగు పేర్లు ఎక్కువగా అలాగే ఉంటాయి. 'వేయిపడగలు' లాంటి పేరును కలిపీ, విడదీసీ చూడండి.

అప్పటికీ రాకపోతే కొత్త రికార్డు చేయండి. ఐఎస్‌బీఎన్ గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. ఏదో ఒక నంబరు వేస్తే, రేపు అదే నంబరుతో వెతికేవారికి వేరే పుస్తకం ఎదురవుతుంది.

మీరే ప్రచురణకర్త అయితే ముందే నంబరు తీసుకోండి. మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ వీటిని ఉచితంగానే ఇస్తుంది.