కళ్లతో పోల్చితే సరిపోదు: విమాన రిపేరు పుస్తకాల్లో నంబర్ల లెక్క

1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ముందు అద్దం 17 వేల అడుగుల ఎత్తులో ఊడిపోయింది. గాలి ధాటికి కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు గట్టిగా పట్టుకుంటే, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ సహా అందరూ బతికారు. ఆ అద్దం సుమారు 27 గంటల ముందే కొత్తగా బిగించింది. దానికి వేసిన 90 బోల్టుల్లో 84 సన్నవని దర్యాప్తులో తేలింది. బిగించిన ఉద్యోగి పాత బోల్టును పక్కన పెట్టి, కంటికి అలాంటివే అనిపించినవి ఏరుకున్నాడు. కేటలాగ్ తెరిచి నంబరు చూడలేదు.

ఇంతకీ ఆ పుస్తకాల్లో నంబర్లు ఎలా ఉంటాయి? జీఎస్టీ కట్టే దుకాణదారులకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ తెలుసు కదా, ఇంచుమించు అలాగే. మొదటి రెండు అంకెలు చాప్టర్. అమెరికాలోని ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అసోసియేషన్ 1956లో ఈ పద్ధతి తెచ్చింది. అందుకే మెకానిక్‌లు వీటిని ఏటీఏ నంబర్లు అంటారు. 28 ఇంధనం, 32 ల్యాండింగ్ గేర్, 52 తలుపులు, 56 కిటికీలు, అద్దాలు. బోయింగ్ అయినా ఎయిర్‌బస్ అయినా ఇవి మారవు. రిపేరు మాన్యువల్‌లోనూ, విడిభాగాల కేటలాగ్‌లోనూ అదే చాప్టర్.

తర్వాతి రెండు అంకెలు ఇంకాస్త లోపలికి తీసుకెళ్తాయి. 32-40 అంటే చక్రాలు, బ్రేకులు. అక్కడి నుంచి లోపలి అంకెలు తయారీ కంపెనీ ఇష్టం. కాబట్టి ఒక కంపెనీ విమానం మీద కంఠతా పట్టిన ఆరు అంకెలు ఇంకో కంపెనీ విమానానికి పనికిరావు. ఏఎంఈ కోర్సులో కొత్తగా చేరిన పిల్లలు తికమకపడేది ఇక్కడే.

పాత పద్ధతి మాన్యువల్‌లో పేజీ నంబరుకూ అర్థం ఉంటుంది. 401 నుంచి విప్పడం, బిగించడం. 501 నుంచి సర్దుబాటు, పరీక్ష. 601 నుంచి తనిఖీ. 12వ పేజీ తర్వాత 401 కనిపిస్తే మధ్యలో పేజీలు చిరిగిపోయాయని కాదు!

నంబరు దొరికినా పని అయిపోదు. ఒకే మోడల్‌లో కూడా తయారైన వరుసను బట్టి భాగం మారొచ్చు. ఏ విమానానికి ఏది వర్తిస్తుందో కేటలాగ్‌లో పక్కనే రాసి ఉంటుంది, అదీ చూడాలి.

ఆ బ్రిటిష్ విమానం విషయంలో విప్పిన పాత బోల్టులే తప్పు. అవి ఏ211-7డి, పొట్టివి. ఉండాల్సింది ఏ211-8డి. కొత్తగా పడ్డ ఆ 84 బోల్టులు ఏ211-8సి. వ్యాసంలో తేడా 0.026 అంగుళం, అంటే మిల్లీమీటరు కూడా లేదు.