రచ్చబండకు రావిమొక్క

పంచాయతీ కార్యాలయములు వెలయుటకు పూర్వము మన పల్లెలలో పెద్దలు కూడినచోటు రచ్చబండ. ఆ బండకు నీడ నిచ్చినది చాలచోట్ల రావిచెట్టు, లేక జంటగ పెరిగిన రావి వేపలు. ఇప్పుడా చెట్లలో పెక్కు ముసలివైనవి. కొన్ని గాలివానలకు కూలినవి. కొన్ని బాటలు వెడల్పు చేయునప్పుడు పోయినవి. అట్టి గ్రామములలో బండ మిగిలియున్నది గాని, ఎండలో దానిపై కూర్చుండువారు లేరు. రావిమొక్కలు ఎచట దొరకును, వానిని ఎట్లు పెంచవలెనని పంచాయతీ సభ్యులు మమ్ము తరచుగ అడుగుచున్నారు. వారికొరకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొక్కలు దొరకు తావులు

రావిగింజ ఆవగింజకన్న చిన్నది. పక్షులు పండ్లు తిని రెట్టతో గింజలను గోడలమీద, నూతుల వరలయందు, గోపురములపైన విడుచును. వానకు అవి మొలచును. కావున రావిమొక్క మొదట మన ఊరిలోనే దొరకును. పాఠశాల గోడలోనో, పాత సత్రముపైననో మొలచిన చిన్నమొక్కను వానకాలమున, వేరు తెగకుండ మెల్లగ తీసి, మట్టి, ఎరువు, ఇసుక కలిపి నింపిన సంచిలో నాటవలెను. రెండు మూడు వారములు నీడయం దుంచి పిదప ఎండకు మార్చినచో, మరుసటి వానకాలమునకు మొక్క సిద్ధమగును. ఇందువలన గోడయు బాగుపడును, మొక్కయు దక్కును.

రెండవది ప్రభుత్వ నర్సరీ. అటవీశాఖవారి సామాజిక వన నర్సరీలలో రావి, మఱ్ఱి, వేప మొక్కలు పెంచుదురు. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామమునకొక నర్సరీ ఉండవలెననియు, నాటిన మొక్కలలో 85 శాతము బ్రతికియుండవలెననియు విధించినది.

పెద్దమొక్కలు కావలసినవారు, అనేక గ్రామములకు ఒక్కమారు కొనదలచినవారు టోకు నర్సరీలకు పోవుదురు. తూర్పు గోదావరి జిల్లాలో రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామములు ఇందుకు ప్రసిద్ధములు. గోదావరి ఒండ్రునేల, కాలువనీరు అచటి రైతులకు తోడ్పడినవి. అచటినుండి మొక్కలు లారీలపై ఇతర రాష్ట్రములకును పోవుచున్నవి. ఒక్క పంచాయతీకి కావలసిన మొక్కలతో లారీ నిండదు. నాలుగైదు పంచాయతీలు కలిసి కొన్నచో కిరాయి భారము తగ్గును, ధరయు కలిసివచ్చును.

కొనుటకు ముందు చూడవలసినవి

మేము చూచిన ఒక గ్రామములో చౌకగ వచ్చినవని మొక్కలు కొని నాటిరి. రెండవ ఏట గాలికి కొన్ని ఒరిగిపోయినవి. పీకి చూడగా వేళ్ళు సంచి ఆకారముననే చుట్టలు చుట్టుకొని యుండెను. కొన్నిటికి సంచియైనను తీయలేదు. ఆ సొమ్ము వృథాయైనది. అంతకన్న పెద్దనష్టము, ఆ ఊరివారు మరల మొక్కలమాట యెత్తుటకే వెనుదీయుచున్నారు.

కావున నర్సరీలో ఆకుల పచ్చదనము చూచి మోసపోరాదు. ఒక సంచిని చీల్చి చూపుమని అడుగవలెను. వేళ్ళు తెల్లగ, క్రిందికి దిగుచు ఉండవలెను. చుట్టలు చుట్టియున్నచో అది చిన్నసంచిలో చాలకాలము నిలిచిన మొక్క. సంచి అడుగునుండి వేరు నేలలోనికి దిగియున్నచో, ఎత్తునప్పుడు అది తెగి మొక్క వాడును. సన్నగ, పొడవుగ సాగిన మొక్కకన్న పొట్టిదైనను మొదలు లావుగనున్న మొక్క మేలు. పందిరి నీడనుండి నేరుగ తెచ్చినది మన ఎండకు తాళజాలదు. కొన్నివారములు ఎండలో నుంచిన దానిని కోరవలెను. గింజమొక్కయా, కొమ్మనుండి పుట్టించినదా యనియు అడుగవలెను. కొమ్మయు పెరుగును గాని, పెద్దచెట్టు కాదగినదానికి గింజమొక్క వేరుకట్టు మేలైనది.

గంగరావిని రావియని భ్రమపడుటయు కలదు. రెండింటి ఆకులు హృదయాకారములే. రావి ఆకు కొన సన్నని పొడవైన తోకవలె సాగును. కాడ త్రుంచినచో తెల్లనిపాలు కారును. గంగరావికి అట్టి తోక లేదు. పెద్ద పసుపుపచ్చని పూవులు పూయును.

పది చెట్లు కావలసినచో పండ్రెండు మొక్కలు కొనవలెను. మిగిలిన రెండును చచ్చినవాని స్థానమున నాటుటకు. వేసవిలోనే ఒప్పందము చేసికొని, తొలకరి వానలు నేలను తడిపిన పిదప మొక్కలు తెప్పించుట మంచిది. దారిలో ఆకులకు వడగాలి తగులకుండ కప్పించవలెను. వచ్చిన వెంటనే నాటక, వారము పదిదినములు చెట్టునీడలో నుంచి నీరుపోయవలెను.

నాటుచోటు, నాటువిధము

గోడ పగులులో బ్రతుకగల వేరు ఇంటి పునాదిని, మురుగుకాలువను విడిచిపెట్టదు. అందుచేత ఇండ్లకు, నూతులకు, నీళ్ళ ట్యాంకులకు 50 అడుగుల దూరమైనను ఉండవలెను. పైన కరెంటు తీగలు ఉండరాదు. రెండు రావిచెట్ల నడుమ 40 అడుగుల ఎడము కావలెను. కనుక ఒక గ్రామమునకు రావి వందలకొలది అక్కరలేదు. రచ్చబండ, సంతబయలు, పశువులు నిలుచు బీడు, శ్మశానవాటిక మొదలగు విశాలమైన తావులే దానికి తగినవి.

3 అడుగుల పొడవు, వెడల్పు, లోతుగల గుంటను వేసవిలోనే త్రవ్వి ఎండనీయవలెను. పైమట్టిలో బాగుగ చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. సంచిని పూర్తిగ తీసివేసి, మట్టిగడ్డ చెదరకుండ నాటి, ఊతకర్ర కట్టి, పాదు చేయవలెను. మేకలకు, పశువులకు రావి ఆకు ఇష్టము. చుట్టును ముళ్ళకంచె లేనిది ఆ మొక్క ఒక నెలయైనను నిలువదు. మొదటి వేసవిలో వారమునకు రెండుమారులు, మారునకు రెండు బిందెల చొప్పున నీరు పోయవలెను. మూడు వేసవులు దాటిన మొక్కకు పిదప మన సాయము అంతగ అక్కరలేదు.

అరుగు కట్టుటకు తొందరపడరాదు. లేతమొక్క చుట్టును సిమెంటు బిగించినచో వేళ్ళకు నీరు, గాలి అందవు. మొదలు లావెక్కినప్పుడు అరుగు పగులును. చెట్టు పెరిగినపిదప, మొదలు చుట్టును విశాలముగ మట్టిచోటు విడిచి అరుగు కట్టవలెను. ఉన్న పాత అరుగులకును సిమెంటు చెట్టును ఒరసికొని యున్నచో దానిని తొలగించుట మంచిది. ఎండిన పాతచెట్టునైనను తొందరపడి నరికింపరాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అధికారుల అనుమతి పొందవలెను.

కాపు ముఖ్యము

అమరావతి స్తూపశిల్పములలో బోధివృక్షమునకు మ్రొక్కుచున్న జనులు కనబడుదురు. బుద్ధగయలోని ఆ రావిచెట్టు కొమ్మను క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున సింహళమునకు గొనిపోయి అనూరాధపురమున నాటిరని ప్రతీతి. ఆ చెట్టు నేటికిని ఉన్నది. తరతరములుగ దానికి ప్రాకారము కట్టి, కొమ్మలకు ఊతలు నిలిపి, కావలి ఉన్నవారుండుటచేతనే అది నిలిచినది.

1950 నుండి ఏటేట జూలై మాసమున వనమహోత్సవము జరుపుచున్నాము. నాటు దినమున జనము కొరతలేదు. కొరత యెల్ల మార్చి, ఏప్రిలు, మే మాసములలోనే. కావున రావిమొక్కలు కొనుటకు పంచాయతీ చేయు తీర్మానములో మొక్కల సంఖ్య, ధర వ్రాసిన చోటనే, ఒక్కొక్క మొక్కకు మూడు వేసవులు నీరుపోయువారి పేరును వ్రాయుడు. ఆ పేరు వ్రాయుటకు ఎవ్వరును ముందుకు రానిచో, ఆ మొక్కను ఆ ఏడు కొనకుండుటయే మేలు.